మొదటి తప్పు: త్రాగి బండి నడిపినవానికి విధింపబడిన శిక్షల చరిత్ర



మన పల్లెలలో రచ్చబండకడ తగవు తీర్చునప్పుడు పెద్దల నోట తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు. "మొదటి తప్పు గదా, ఈ మాటునకు విడిచిపెట్టుడు" అందురు. అది దయగల మాట. నేనును పెక్కుమారులు దానిని పలికినవాడనే. పొలముగట్టు జరిపినవానికొఱకు పలికితిని. పరుల తోటలో కాయలు దింపినవానికొఱకు పలికితిని. కాని 2022వ సంవత్సరపు వేసవిలో అదే మాటను ఒక పోలీసు అధికారి యెదుట పలికి, అతడిచ్చిన బదులునకు మాఱుపలుకలేక తలవంచుకొని యింటికి వచ్చితిని. ఆనాటినుండి ఈ "మొదటి తప్పు" అను మాటకు చట్టములో నున్న యర్థమేమి, అది యెట్లు పుట్టినది అని విచారింపసాగితిని. అందు నాకు దెలిసిన చరిత్రను నేడు మీకు విన్నవింతును.

జరిగిన సంగతి యిది. మా అక్కగారి మనుమడు సరకుల ఆటో నడుపుకొని బ్రదుకువాడు, ఇరువదినాలుగేండ్లవాడు, పనిమంతుడు. మా యింట పెండ్లి జరిగిన రాత్రి తోటివారితో గూడి మద్యము పుచ్చుకొనెను. తెల్లవాఱుజామున మేళగాండ్రను బస్సుస్టాండునకు జేర్చి తిరిగివచ్చుచు పోలీసువారికి చిక్కెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. మా యక్క యేడ్చుచు వచ్చి, "తమ్ముడూ, నీ మాటయైన విందురు, పోయి చెప్పిరమ్ము" అనెను. నేను పోయి, "అయ్యా, వీనికిది మొదటి తప్పు" అంటిని. ఆ యధికారి నాకు కుర్చీ వేయించి మర్యాదగనే యిట్లనెను: "పెద్దయ్యగారూ, ఇది మాకు దొరికిన మొదటి తప్పు. వాడు చేసినదానిలో నిదే మొదటిదో కాదో వానికే తెలియవలె. మొదటిదే యనుకొందము. మొదటి తప్పునకు శిక్ష యింతయని చట్టమే వ్రాసి పెట్టినది. మాపివేయుటకు నేనెవడను, మీరెవరు?"

బండి తోలువాని తప్పును విచారించుట మన దేశమునకు క్రొత్తగాదు. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున నిందుకు నియమములు కలవు. ముక్కుత్రాడు తెగినను, కాడి విఱిగినను, ఇరుసు విఱిగినను, "తొలగుడు, తొలగుడు" అని కేకవేసినప్పటికిని హాని జరిగినను దండన లేదు. ఇట్టివి పది సందర్భములు చెప్పబడినవి. తోలువాడు నేర్పులేనివాడై బండి త్రోవ తప్పి హాని కలిగినచో యజమానునకు 200 పణముల దండన. తోలువాడు నేర్పరియై యుండియు నేమఱినచో దండన వానికే. నేర్పులేనివాని బండి నెక్కి కూర్చున్నవారికి సయితము తలకు 100 పణములు. ఈ కడపటి మాటను జ్ఞాపకముంచుకొన వేడెదను. తుదకు మరల దీనికడకే రావలసియున్నది. ఇక మద్యము సంగతి: కౌటిల్యుని యర్థశాస్త్రమున మద్యపు తయారిని, అమ్మకమును కనిపెట్టియుండుటకు సురాధ్యక్షుడను అధికారి చెప్పబడియున్నాడు. ప్రభుత్వము మద్యమును అదుపున నుంచుటయు, బండివానిని బాధ్యుని జేయుటయు రెండును మనకు ప్రాచీనములే.

ఈ రెంటిని ఒక్క వాక్యమున జేర్చి శిక్ష చెప్పిన శాసనమొకటి ఇంగ్లండులో 1872వ సంవత్సరమున పుట్టినది. మద్యపు లైసెన్సులకొఱకై చేసిన చట్టమది. దాని 12వ విభాగమున నొక విశేష మున్నది. త్రాగి వీధిలో తూలుచు కనబడినవానికి మొదటిమారు 10 షిల్లింగులకు మించని జరిమానా. పండ్రెండు నెలలలో రెండవమారు పట్టుబడినచో 20 షిల్లింగులవఱకు. మూడవమారు 40 షిల్లింగులవఱకు. ఇది మెట్లమెట్లుగా కట్టిన శిక్ష. కాని త్రాగినవాని చేతిలో బండియో, గుఱ్ఱమో, పశువులో, ఆవిరియంత్రమో యున్నయెడల ఈ మెట్లు వానికి లేవు. మొదటిమారే 40 షిల్లింగులవఱకు జరిమానా, లేదా నెలదినములవఱకు కారాగారము. కాలినడకను పోవు త్రాగుబోతు తననే పడవైచుకొనును. బండిమీది త్రాగుబోతు ఇతరులను పడవైచును. ఆ భేదమును నాటి శాసనకర్తలు మోటారుబండి పుట్టకమునుపే గుర్తించిరి.

మోటారుబండి రాగానే ఆ చట్టమునకు పని తగిలినది. 1897వ సంవత్సరము ఆగస్టునెలలో లండను నగరమున విద్యుచ్ఛక్తితో నడచు కిరాయిబండ్లు వీధికెక్కెను. నెల తిరిగి కొలదిదినములు కాకమునుపే, సెప్టెంబరు 10వ తేదీని, జార్జి స్మిత్తు అను ఇరువదియైదేండ్ల బండివాడు న్యూబాండు వీధిలో తన బండిని ఒక కట్టడమునకు గొట్టెను. తాను రెండుమూడు గ్లాసులు బీరు పుచ్చుకొంటినని యొప్పుకొనెను. న్యాయాధికారి వానికి జరిమానా విధించి పంపివేసెను. త్రాగి మోటారుబండి నడిపి శిక్షపొందినవారిలో మొదటివాడని వాని పేరు చరిత్రలో నిలిచిపోయెను.

మోటార్లు పెరిగినకొలదిని షిల్లింగుల జరిమానాతో పని జరుగదని తేలెను. 1930వ సంవత్సరపు ఇంగ్లండు రహదారి చట్టము మఱియొక దండనను బిగించినది: త్రాగి నడిపినట్లు రుజువైనచో, ప్రత్యేక కారణములున్న తప్ప, పండ్రెండు నెలలపాటు బండి నడుపు అర్హతయే పోవును. ధనవంతునకు జరిమానా దోమకాటు. చక్రము చేతినుండి జాఱుట వానికిని నొప్పియే. ఈ చట్టమున నేరమునకు చెప్పిన లక్షణమిది: మద్యపు ప్రభావముచేత "బండిని సరిగా అదుపు చేయజాలని స్థితి" లో నుండుట. మన దేశమున 1939వ సంవత్సరపు మోటారుబండ్ల చట్టము 117వ విభాగమున నించుమించుగ నీ లక్షణమునే గ్రహించినది. మొదటి తప్పునకొక శిక్ష, మూడేండ్లలోపల మరల చేసినచో నంతకు మించిన శిక్ష యని రెండు మెట్లను గూడ నేర్పఱచినది. మోటారు చట్టములో మన "మొదటి తప్పు" ఇట్లు స్థలము సంపాదించుకొన్నది. మొదటి తప్పనగా క్షమింపదగినదని కాదు, శిక్షల మెట్లలో క్రింది మెట్టని మాత్రమే యర్థము.

ఇచట పెద్ద చిక్కొకటి వచ్చిపడెను. "అదుపు చేయజాలని స్థితి" అని నిర్ణయించుటెట్లు? సుద్దతో గీసిన గీతమీద నడిపించెడివారు. నోరు తిరుగని మాటలు పలికించెడివారు. వైద్యుడు కన్నులు చూచి, వాసన చూచి అభిప్రాయము చెప్పెడివాడు. నాలుక మందమైనవాడు త్రాగకయే చిక్కవచ్చును. త్రాగి త్రాగి యలవాటుపడినవాడు గీతమీద తిన్నగ నడచి తప్పించుకొనవచ్చును. పలుకుబడిగలవాని నడక యెప్పుడును తిన్నగనే కనబడును! కన్నుచూపుమీద ఆధారపడిన న్యాయము బలవంతునకు సందులు చూపును.

ఈ చిక్కును విడదీసినది రసాయనశాస్త్రము. స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు ఎరిక్ విడ్‌మార్కు కొలది రక్తపుబొట్లలో మద్యసార మెంతయున్నదో కొలుచు పద్ధతిని కనిపెట్టెను. నార్వే దేశము 1936వ సంవత్సరమున సంఖ్యతో కూడిన చట్టము చేసినది: 100 మిల్లీలీటర్ల రక్తమున 50 మిల్లీగ్రాములకు మించి మద్యసార మున్నవాడు బండి నడుపుటయే నేరము; తూలెనా లేదా యను ప్రశ్న లేదు. రక్తములోని మద్యసారము ఊపిరితిత్తులలో గాలితో గలసి వెలికి వచ్చును; కావున ఊపిరిని కొలిచి రక్తమును దెలిసికొనవచ్చును. ఈ సూత్రముమీద అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున హార్గరు పండితుడు 1930 దశకములో బుడగ నూదించు యంత్రమును చేసెను. ఆ రాష్ట్రముననే 1954వ సంవత్సరమున బోర్కెన్‌స్టైను అనునతడు పోలీసువారు వెంట గొనిపోదగిన చిన్న యంత్రమును తయారుచేసెను.

బ్రిటనులో బార్బరా కాజిల్ అను వనిత రవాణామంత్రిణిగా నుండి 1967వ సంవత్సరపు చట్టమును తెచ్చెను. 80 మిల్లీగ్రాముల హద్దు, దారిలో ఊపిరి పరీక్ష, తప్పు రుజువైనచో పండ్రెండు నెలలు అర్హత పోవుట అందలి ముఖ్యాంశములు. ఆ సంవత్సరము అక్టోబరు 9వ తేదీనుండి పరీక్ష లారంభమయ్యెను. ఆమెకు స్వయముగ బండి నడుపుట రాదని, ఆమె స్త్రీయని యెందఱో పరిహసించిరి, బెదిరింపులేఖలు వ్రాసిరి. అయినను మొదటి యేటనే రహదారులమీది మరణములు వెయ్యికి పైగా తగ్గినవి. ఈ హద్దు అన్నిచోట్ల నొక్కటి కాదు: స్కాట్లండు 2014లో 50కి దించుకొన్నది, నార్వే 2001లో 20కి దించుకొన్నది.

మన దేశమునకు వత్తము. 1988వ సంవత్సరపు మోటారుబండ్ల చట్టమున 185వ విభాగము మొట్టమొదట రక్తమున మద్యసార మెంత స్వల్పమైనను నేరమే యని చెప్పినది. 1994లో దానిని సవరించి, ఊపిరి యంత్రముతో పరీక్షించినప్పుడు 100 మిల్లీలీటర్ల రక్తమునకు 30 మిల్లీగ్రాములు మించిన నేరమని హద్దు నేర్పఱచిరి. నూఱు మిల్లీలీటర్లనగా చిన్న టీ గ్లాసెడు. ముప్పది మిల్లీగ్రాములనగా గ్రాములో వేయిపాళ్లకు ముప్పది పాళ్లు. బ్రిటను 1967లో పెట్టుకొన్న హద్దులో నిది సగముకన్న తక్కువ. మొదటి తప్పునకు ఆఱు నెలలవఱకు కారాగారము, లేదా 2,000 రూపాయలవఱకు జరిమానా, లేదా రెండును అని యుండెను. 2019వ సంవత్సరపు సవరణ ఆ సెప్టెంబరు 1వ తేదీని అమలునకు వచ్చి, మొదటి తప్పు జరిమానాను 10,000 రూపాయలు చేసినది. కారాగారపు గడువు ఆఱు నెలలుగనే యున్నది. రెండవమారైనచో రెండేండ్లవఱకు కారాగారము, లేదా 15,000 రూపాయల జరిమానా, లేదా రెండును.

మన కుఱ్ఱవాడు చిక్కినప్పుడు జరుగు క్రమమును జెప్పెదను. ఇది పెద్దలు తెలిసియుండదగినది. యూనిఫారము ధరించిన పోలీసు అధికారి ఊపిరి నూదుమని కోరవచ్చును. యంత్రమున మద్యము కనబడినచో వారంటు లేకయే నిర్బంధింపవచ్చును; అట్లు నిర్బంధించినవానిని రెండు గంటలలోపల వైద్యపరీక్షకు గొనిపోవలయును, లేనిచో విడువవలయును. ఇది పోలీసువారిని గూడ కట్టివైచు నియమము. ఊదనని మొండికెత్తుటవలన లాభము లేదు; తగిన కారణము లేని నిరాకరణము వానికే వ్యతిరేకసాక్ష్యముగ నెంచబడవచ్చును. చలానా చెల్లించి దారిలోనే ముగించుకొను తప్పులలో నిది చేరదు, న్యాయస్థానమునకు పోవలసినదే. అచట తప్పు రుజువైనచో జరిమానాతో తీరదు. చట్టపు 20వ విభాగము ననుసరించి న్యాయాధిపతి ఆఱు నెలలకు తక్కువగాని కాలము బండి నడుపు అర్హతను తొలగింపవలయును. హైదరాబాదు నగరమున పట్టుబడినవారిని కుటుంబములోనివారితో గూడ పిలిపించి హితవు చెప్పు వాడుకయు నేర్పడినది. తండ్రియెదుట, భార్యయెదుట తలవంచుకొని కూర్చుండుట కొందఱికి జరిమానాను మించిన దండన.

"మొదటి తప్పునకు చట్టములో దయయే లేదా?" అని మీరడుగవచ్చును. కలదు. 1958వ సంవత్సరపు నేరస్థుల పరివీక్షణ చట్టము మొదటిసారి తప్పుచేసినవానిని మందలించి గాని, మంచి నడవడికి పూచీ వ్రాయించుకొని గాని విడిచిపెట్టు అధికారమును న్యాయాధిపతులకు ఇచ్చినది. కాని 2000వ సంవత్సరమున సుప్రీముకోర్టు, అజాగ్రత్తగా బండి నడిపి ప్రాణము తీసినవారు ఈ దయను ఆశింపరాదని స్పష్టముగ జెప్పినది. త్రాగినందున ఒడలు తెలియలేదనుటయు చెల్లదు. 1860వ సంవత్సరపు శిక్షాస్మృతి 85వ విభాగము తనకు దెలియక యిచ్చిన మత్తునకును, బలవంతముగ నెక్కించిన మత్తునకును మాత్రమే మినహాయింపు నిచ్చినది. తానై త్రాగినవానికి లేదు. 2024 జూలై 1వ తేదీన దాని స్థానమున వచ్చిన భారతీయ న్యాయసంహితయు అట్లే చెప్పుచున్నది.

ప్రాణము పోయినచో లెక్క వేఱగును. పాత స్మృతిలో అజాగ్రత్తవలని మరణమునకు రెండేండ్లవఱకు శిక్ష యుండెను. క్రొత్త సంహితలో నది సాధారణముగ అయిదేండ్లవఱకు పెరిగినది. 2006వ సంవత్సరము నవంబరులో బొంబాయి నగరపు కార్టరు రోడ్డున, దారిప్రక్కన నిద్రించుచున్న కూలీలమీదికి ఒక కారు ఎక్కి ఏడుగురు మరణించిరి. నడిపినవాని రక్తమున 100 మిల్లీలీటర్లకు 112 మిల్లీగ్రాముల మద్యసారము కనబడెను. ఇట్లు నడిపినచో మరణము సంభవింపవచ్చునని యెఱిగియే నడిపినట్లని యెంచి, అజాగ్రత్త యను చిన్న నేరము క్రింద గాక, నరహత్యకు సంబంధించిన పెద్ద విభాగము క్రింద విధించిన మూడేండ్ల శిక్షను 2012వ సంవత్సరమున సుప్రీముకోర్టు స్థిరపఱచినది. చనిపోయినవారికి అది మొదటి తప్పో రెండవ తప్పో యను విచారణతో పనిలేదు గదా.

"మద్యమునే మాన్పించిన సరిపోవును గదా" యని కొంద ఱనవచ్చును. మన తెలుగువా రా మార్గమును గూడ త్రొక్కి చూచిరి. మద్రాసు రాజధానిలో 1937లో సేలము జిల్లాతో మొదలైన మద్యనిషేధము మఱుసటియేట చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన సారావ్యతిరేకోద్యమమువలన 1993లో సారా అమ్మకము నిలిచినది. 1995లో సంపూర్ణ నిషేధము వచ్చి 1997లో సడలిపోయినది. ఆ తల్లుల పట్టుదలకు నమస్కరింతును. కాని నిషేధము వచ్చును, పోవును. రహదారి నియమము మాత్రము రెండు కాలములలోను నిలిచియుండవలసినది. అది త్రాగవలదనుటలేదు, త్రాగి చక్రము పట్టవలదనుచున్నది. ఈ మాత్రము నియమమును పాటించుటకు సన్న్యాసులము కానక్కరలేదు.

ఇక మా మనుమని సంగతి. న్యాయాధిపతి 10,000 రూపాయల జరిమానా విధించి, ఆఱు నెలలు లైసెన్సు నిలిపివేసెను. కారాగారము తప్పినది. జరిమానా మా యక్క తన గాజులు కుదువబెట్టి కట్టినది. ఆటో ఆఱు నెలలు చూరుక్రింద నిలిచినది. దాని వాయిదాలు మాత్రము నిలువలేదు. వాడు కూలికి పోయెను. ఒకనాడు నాయొద్దకు వచ్చి, నన్ను నిందించుటకు గాదు గాని, మెల్లగ నిట్లనెను: "తాతా, ఆ రాత్రి నేను పోలేనంటిని. నీవు వినలేదు."

నిజమే. ఇంతసేపు మీకు చెప్పక దాచిన మాట యిది. ఆ పెండ్లికి పెద్దను నేను. మేళగాండ్రు తొలిబస్సు నందుకొనవలెనని తొందరపడుచుండిరి. వాడు త్రాగియున్నాడని యెఱుగుదును. వాసన వచ్చుచునే యున్నది. "నాలుగు మైళ్లేగదా, పోయిరారా" అని తాళపుచెవి వాని చేతిలో పెట్టినవాడను నేనే. మోటారుబండ్ల చట్టమున 188వ విభాగమొకటి కలదు. త్రాగి బండి నడుపుటకు ప్రోత్సహించినవాడును, నడిపినవానితో సమానమైన శిక్షకు పాత్రుడని యది చెప్పుచున్నది. నేను పోలీసు స్టేషనునకు పోయి వానికొఱకు దయ వేడితిని. నాకొఱకు వేడుకొనవలసియుండెనని నాకప్పుడు తోచలేదు. నేర్పులేనివానిని నియమించిన యజమానుని, వాని బండి నెక్కినవారిని దండింపుమన్న పాతకాలపు స్మృతివాక్యమును చదివిననాడు గాని నా తప్పు నాకు కనబడలేదు.

పెద్దలారా, పెండ్లియైనను, జాతరయైనను, దినవారమైనను మన యూళ్లలో నడిపించువారము మనమే. ఎవరు త్రాగిరో, ఎవరు త్రాగలేదో మనకు తెలియును. ఆ రాత్రి తాళపుచెవుల నడిగి తీసికొని పెట్టెలో నుంచుటకు మనకు చట్టపు అధికారము అక్కఱలేదు. మన నెరసిన తల చాలును. మేళగాండ్రకొక బస్సు తప్పిన మఱియొక బస్సు వచ్చును. నేనిప్పుడు మా యూరి ప్రతి పెండ్లిలోను ఈ పనియే చేయుచున్నాను. కుఱ్ఱవాండ్రు విసుగుకొందురు, ఒకరిద్దఱు "చాదస్తపు ముసలివాడు" అనియు ననుకొందురు. అననిండు. మఱునాటి యుదయమున తాళపుచెవికొఱకు వారు నాయింటికి నడచివచ్చినప్పుడు, వారి నందఱను లెక్కపెట్టుకొని కాఫీ యిచ్చి పంపుచున్నాను.